జెఫర్సన్ వెతికిన సింహం

పిల్లల దగ్గరికి అమెరికా వచ్చిన పెద్దవాళ్లను ఫిలడెల్ఫియాలో లిబర్టీ బెల్ చూపించడానికి తీసుకెళ్లడం ఇక్కడి తెలుగువాళ్లకు అలవాటు. అక్కడికి దగ్గర్లోనే అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీ అనే పండితుల సంఘం పాత భవనం ఉంది. దాన్నీ చూడమంటాను. ఈ దేశం తొలి రోజుల రోషం, దాని చదువు అక్కడే ఒక ఎముకల మూట దగ్గర ఎదురుపడ్డాయి.

1796లో వర్జీనియా పడమటి కొండల్లో, ఒక గుహలో సురేకారం తవ్వేవాళ్లకు పెద్ద పెద్ద ఎముకలు దొరికాయి. కల్నల్ జాన్ స్టువర్ట్ వాటిని థామస్ జెఫర్సన్‌కు పంపాడు. అందులో జానెడుకు కాస్త తక్కువ పొడవున్న గోరొకటి ఉంది. జెఫర్సన్ దాన్ని సింహం గోటితో కొలిచి చూసి, ఇది సింహానికి మూడింతలకు పైబడిన మృగమని తేల్చాడు. మెగలోనిక్స్ అని పేరు పెట్టాడు.

అలా తేల్చడానికి కారణం ఉంది. అమెరికా నేల మీద జంతువులు గిడసబారిపోతాయని ఫ్రాన్సు పండితుడు బుఫాన్ రాశాడు. కొత్తగా స్వతంత్రం తెచ్చుకున్నవాళ్లకు ఆ మాట గుచ్చుకుంది. పారిస్‌లో రాయబారిగా ఉన్న జెఫర్సన్ 1787లో మూస్ అనే పెద్ద జింక ఎముకల్ని, చర్మాన్ని సముద్రం దాటించి మరీ తెప్పించాడు, బుఫాన్‌కు చూపించాలని. పరాయి పాలన వదిలించుకున్న దేశంలో పుట్టినవాణ్ని, ఆ రోషం నాకు బాగా తెలుసు.

1797 మార్చిలో ఉపాధ్యక్షుడిగా ప్రమాణం చేయడానికి ఫిలడెల్ఫియా వస్తూ జెఫర్సన్ ఆ ఎముకల్నీ వెంట తెచ్చుకున్నాడు. సొసైటీలో వ్యాసం చదివించే ముందు ఒక పత్రికలో, మాడ్రిడ్‌లో నిలబెట్టిన దక్షిణ అమెరికా అస్థిపంజరం బొమ్మ కంటబడింది. అలాంటి గోళ్లే! అది చెట్లకు వేలాడే స్లాత్‌కు చుట్టమని ఫ్రాన్సు శాస్త్రవేత్త కువియే అప్పటికే చెప్పాడు. జెఫర్సన్ ఆ సంగతి దాచలేదు, వ్యాసం చివర తనే చేర్చాడు. ఆయన మీద నాకు గౌరవం పెరిగేది ఇక్కడే. 1799లో డాక్టర్ కాస్పర్ విస్టార్ ఆ ఎముకల్ని పరిశీలించి స్లాత్‌తో పోలికలు చూపించాడు. 1822లో ఆ జంతువు పేరుకు జెఫర్సన్ పేరు చేరింది.

సుమారు పదడుగుల పొడవు, టన్ను బరువు, తినేది ఆకులూ అలమలూ. కొమ్మల్ని వంచుకోవడానికి పనికొచ్చేవి ఆ గోళ్లు.

అయితే ఒక జాతి పూర్తిగా అంతరించిపోతుందంటే మాత్రం జెఫర్సన్ మనసు ఒప్పుకోలేదు. 1803లో అన్వేషకుడు లూయిస్‌ను పడమటికి పంపుతూ, అరుదైనవీ అంతరించాయనుకునేవీ కనిపిస్తాయేమో చూడమన్నాడు. మెగలోనిక్స్ అంతరించి అప్పటికే పదివేల ఏళ్లకు పైగా గడిచిపోయాయి. అందులో మంచుయుగం చివర మారిన వాతావరణం పాత్ర ఎంత, వేటాడిన మనుషుల పాత్ర ఎంత అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. ఆ మనుషులు ఇక్కడి ఆదివాసుల పూర్వీకులు. ఈ దేశం కథను 1776తో మొదలుపెట్టి చెప్పేవాళ్లు ముందు వాళ్ల గురించి చెప్పాలి.