రక్తం చెప్పని మాట

కోట్‌పల్లి జలాశయం చూడడానికి వచ్చేవాళ్ళకి వికారాబాద్ పక్కనే ఉన్నట్టుంటుంది. పరీక్ష కోసం హైదరాబాద్ వెళ్ళాల్సిన ఆడమనిషికి మాత్రం బస్సు, రైలు, పోయిన రోజు కూలి, ఇంట్లో చెప్పాల్సిన అబద్ధం. ఎయిడ్స్ చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఈ దూరమే గుర్తొస్తుంది.

మన దేశంలో ఆ చరిత్ర ఆడవాళ్ళ రక్తంతోనే మొదలైంది. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలొమన్ దగ్గర పనిచేస్తున్న విద్యార్థిని నిర్మల, నిర్బంధ గృహంలో ఉంచిన సెక్స్ వర్కర్ల నుంచి నమూనాలు సేకరించింది. ఆరుగురిలో వైరస్ బయటపడింది. కనుక్కున్నదీ స్త్రీలే, నింద మోసిందీ స్త్రీలే. ఎందుకు తీస్తున్నారో ఆ ఆరుగురికీ ఎవరైనా చెప్పారా? తెలియజెప్పి, ఒప్పుకున్నాకే పరీక్ష చెయ్యాలన్న చట్టం 2017లో గానీ రాలేదు.

2004 ఏప్రిల్ 1న ఉచిత మందులు మొదలయ్యాయి. ఎక్కువగా బాధపడుతున్న ఆరు రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మందు పనిచేస్తోందా అని చూడడానికి అప్పట్లో సీడీ4 కణాల్ని లెక్కపెట్టేవారు. వైరస్‌నే లెక్కపెట్టే పరీక్ష అందరికీ అన్న విధానం 2018లో వచ్చింది. మందు ఓడిపోయిన సంగతి సీడీ4 లెక్క ఆలస్యంగా చెబుతుంది. ఆ ఆలస్యం ఖరీదు ఎన్ని ప్రాణాలో!

మెదడు సంగతి ఇంకా చిక్కు. రక్తానికీ మెదడుకీ మధ్య ఓ అడ్డుగోడ ఉంది. చాలా మందులు దాన్ని దాటి కొద్దిగానే వెళ్తాయి. అందుకే కొందరి రక్తంలో కనబడని వైరస్ వెన్నునీటిలో కనబడుతుంది. సైటోమెగలో వైరస్ మెదడుకి సోకితే గాన్‌సైక్లోవిర్ ఇచ్చి, ఆ నీటిలో వైరస్ తగ్గుతోందా అని పీసీఆర్‌తో చూస్తారు. జేసీ వైరస్‌కి నేరుగా పనిచేసే మందే లేదు, హెచ్ఐవీ మందులతో రోగనిరోధక శక్తి కోలుకోవాల్సిందే. అది కోలుకునేటప్పుడు ఒక్కోసారి మెదడే వాస్తుంది. పైగా మన దగ్గర ఎక్కువగా కనిపించేవి క్షయ, క్రిప్టోకోకస్, టాక్సోప్లాస్మా. ఇవేవీ వైరస్‌లు కావు. ఏది ఏదో తేల్చడానికి చాలాసార్లు వెన్నునీరే దిక్కు.

"ఎన్నుల సూది గుచ్చితె కాళ్ళు పడిపోతయంట గద బిడ్డా" అంది కోట్‌పల్లి వైపు ఒక తల్లి. ఆమె కూతురు కూరలో రెండుసార్లు ఉప్పేసింది, వచ్చిన దారి మర్చిపోయింది. భర్త అప్పటికే పోయాడు. అత్తవారు దయ్యమన్నారు, ఆ తర్వాత మతి లేదన్నారు. మతి లేని మనిషికి భూమిలో వాటా ఏమిటన్నారు. వైద్యానికి లొంగే జబ్బుని పిచ్చి అని పిలిస్తే లాభం ఎవరికో మన కథల్లో ఇంకా రాయాల్సే ఉంది. సూదికి ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టింది మరిది.

ఆ తల్లి కొంగుముడి విప్పి చీటీ చూపించింది. రక్తంలో వైరస్ కనబడలేదని ఉంది.

"నెత్తురు సంగతి రాసిన్రు సరే, తలకాయ సంగతి ఏం రాసిన్రు బిడ్డా?"

చీటీని రెండువైపులా తిప్పి చూశాను.