మౌనము సమ్మతి కాదు

మౌనము అర్ధాంగీకారమని లోకోక్తి. ఆ మాటను అడ్డుపెట్టుకొని పెండ్లిచూపుల నాడు ఎందరి ఇష్టానిష్టములను మనము అడుగక విడిచితిమో! చికిత్సాలయములలోను ఈ సూత్రమే చాలకాలము చెల్లినది. మనుష్యుల భయములను, అలవాట్లను అభ్యాసముచేత మార్చబూనిన ప్రవర్తన చికిత్స చరిత్రను ఈ దృష్టితో ఒకసారి పరికింతము.

అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్ వాట్సన్, రోజలీ రేనర్ అను శాస్త్రజ్ఞులు ఒక శిశువుపై జరిపిన ప్రయోగము 1920లో వెలువడినది. శిశువు తెల్లయెలుకను తాకబోవునపుడు వెనుక ఇనుపకడ్డీని సుత్తితో మ్రోగించిరి. తుదకు ఎలుకను చూచినంతనే బిడ్డ ఏడ్వసాగెను. ఆ భయమును పోగొట్టక మునుపే శిశువు ఆస్పత్రి విడిచి వెళ్ళెను.

1924లో మేరీ కవర్ జోన్స్ అను విదుషి మరియొక మార్గము చూపినది. పీటరు అను బాలునికి కుందేలన్న భయము. అతడు ఇష్టమైన తినుబండారము తినుచుండగా కుందేటి బోనును దూరముగా నుంచి, అతడు ఓర్చుకొనగలిగినంతవరకే దాపునకు తెచ్చుచు వచ్చిరి. బిడ్డ ఓర్పే అచట కొలబద్ద.

ఆ కొలబద్దను తరువాతివారు అన్నిచోట్లను పాటింపలేదు. అయోవా రాష్ట్రమున మనోరోగులైన ఖైదీల నుంచు సంస్థలో, కట్టుబాటు తప్పినవారికి అపోమార్ఫిన్ అను మందును సూదితో ఎక్కించుచుండిరి. దానివలన పావుగంట మొదలు గంటవరకు వాంతులగును. వేళకు నిద్ర లేవకుండుట, తిట్టుట, అబద్ధమాడుట, ఇట్టివియే వారి తప్పులు. కొన్నిమార్లు వ్రాతపూర్వకమైన సమ్మతియే లేదు. ఒకసారి సమ్మతించినవారిని మరల కాదననిచ్చెడివారు కారు. 1973లో అప్పీలు న్యాయస్థానము, సమ్మతి లేని ఇట్టి చికిత్స క్రూరమైన శిక్షయే యని తీర్పు చెప్పినది. చికిత్స స్వభావమును, ప్రయోజనమును, ప్రమాదమును తెలిపి సమ్మతి పొందవలెను. రోగి నోటిమాటతో ఎప్పుడైనను దానిని ఉపసంహరించుకొనవచ్చును. ప్రతి సూదికి వైద్యుని అనుమతి వేరుగా నుండవలెను.

ఖైదీ నోరు తెరచి వలదనగలడు. మాటరాని బిడ్డ మాట యేమి? పరిశోధనలలో పాల్గొను బాలలకై అమెరికా ప్రభుత్వము 1983లో నిబంధనలు చేసినది. తల్లిదండ్రుల అనుమతితోపాటు, సమ్మతింపగల బిడ్డ సమ్మతియు కావలెను. అడ్డుచెప్పకుండుట మాత్రమే సమ్మతి కానేరదు. మన దేశమున 2017 నాటి వైద్య పరిశోధనా మండలి మార్గదర్శకములు 7 మొదలు 12 ఏండ్లవారికి నోటిమాటను, అటుపై 18 ఏండ్లలోపు వారికి వ్రాతపూర్వకమైన సమ్మతిని విధించినవి. ఆ యేటనే వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, తమకెట్టి చికిత్స కావలెనో, ఎట్టిది వలదో ముందుగా వ్రాసియుంచు హక్కును వయోజనుల కిచ్చినది. 2022లో అమలునకు వచ్చిన అమెరికా ప్రవర్తన విశ్లేషకుల నీతినియమావళి, పరిశోధనలోనే గాక నిత్యచికిత్సలోను సమ్మతిని కోరుచున్నది. మాటలతో గాక సైగలతో తెలిపిన సమ్మతియు దాని దృష్టిలో సమ్మతియే.

బిడ్డ వలదన్నప్పుడెల్ల మానుకొనుట సాధ్యమా యని తల్లిదండ్రులగు శ్రోతలు అడుగవచ్చును. బండ్లు తిరుగు వీథిలోనికి పరుగిడు బిడ్డను పట్టి ఆపక తప్పదు. కాని బొమ్మలు పేర్చు పాఠమునందు బిడ్డ ముఖము త్రిప్పుకొన్నను, బల్లను త్రోసి లేచిపోయినను, అది మొండితనమని నిర్ణయింపక ముందు పాఠమునే మార్చి చూడవచ్చును. బిడ్డను చికిత్సకు పంపు మనము, "ఈనాడేమి నేర్చినాడు?" అని గురువు నడుగుదుము. "వలదన్నప్పుడు మీరేమి చేసితిరి?" అనియు అడుగవలెను. బోను ఎచట ఆగవలెనో నూరేండ్లకు మునుపే పీటరు నిర్ణయించినాడు. పెద్దలు దానిని గమనించిరి, అతని భయము తీరినది.