హాలీ సిక్కా, కల్దారు: తెలంగాణ చరిత్ర రచనలో ఒక గణన సమస్య

తెలంగాణ గ్రామచరిత్రకు ఆధారములైన ప్రామిసరీ నోట్లు, కౌలు కాగితములు, షావుకార్ల చిట్టాలు మొదలగు వానియందు రూపాయి అను మాట అడుగడుగునను కనబడును. ఫసలీ సంవత్సరమును క్రీస్తుశకమునకు మార్చుటలో మనము ఎంతయో శ్రద్ధ వహింతుము. రూపాయిని చూచినపుడు మాత్రము “ఇది ఏ రూపాయి?” అను ప్రశ్న అంతగా తోచదు. 1950కి పూర్వము నేటి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల ప్రాంతమున రాజ్యాధికారముతో చెల్లిన రూపాయి నిజాం రాజ్యపు హాలీ సిక్కా. బ్రిటిషు ఇండియా రూపాయియైన కల్దారు అచట పరరాజ్యపు నాణెము. ఈ భేదమును విస్మరించినచో మన లెక్కలు ఎట్లు తప్పునో చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

“హాలీ” అనగా ప్రస్తుతము చెల్లునది. “కల్దారు” అనగా యంత్రముతో ముద్రింపబడినది. ఇరువదవ శతాబ్ది ఆరంభమున చార్మినారు ముద్రగల హైదరాబాదు రూపాయియు యంత్రముపైననే తయారైనది. అయినను పాత పేర్లే నిలిచినవి. ఈ రెంటి మారకమునకు మూలము వెండిలో కలదు. కల్దారు తూకము సుమారు 11.66 గ్రాములు, అందు పండ్రెండింట పదునొకండు వంతులు శుద్ధమైన వెండి. హాలీ తూకము సుమారు 11.18 గ్రాములు, అందు శుద్ధమైన వెండి నూటికి 81.8 వంతులు. గుణించి చూచినచో హాలీలోని వెండి కల్దారులోని వెండిలో ఏడింట ఆరు వంతులకు మిక్కిలి సమీపముగా వచ్చును. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు అను ప్రసిద్ధమైన మారకము ఇదియే. నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ అని లెక్కలలో వ్రాయు పద్ధతి కలదు.

1918లో కాగితపు ద్రవ్య శాసనము వెలువడిన పిదప హాలీ నోట్లు వచ్చినవి. స్వంతముగా కాగితపు ద్రవ్యమును నడిపిన పెద్ద సంస్థానము హైదరాబాదు. 1941 శాసనముచే ఏర్పడి, 1942లో పని ప్రారంభించిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు ఈ ద్రవ్య నిర్వహణ బాధ్యతను వహించెను.

మన మూడు ప్రాంతములును ఈ రెండు నాణెముల సరిహద్దునకు సమాన దూరమున లేవు. జనగామ అప్పుడు నల్లగొండ జిల్లాలోని తాలూకా. రాజ్యమునకు లోపలి భాగము. మహబూబాబాదు, అనగా మానుకోట, బెజవాడకు పోవు రైలుదారిలో నున్నది. ఆ దారి 1889లో బెజవాడను చేరినది. అది మద్రాసు రాజధానిలోని కల్దారు నేల. ఇక నేటి భూపాలపల్లి జిల్లాలోని కాళేశ్వరమునకు ఆవలి ఒడ్డున సిరొంచ ప్రాంతము కలదు. 1860 ఒడంబడికతో అది నిజాం చేతినుండి ఆంగ్లేయులకు పోయినది. నది దాటినచో భాష తెలుగే, రూపాయి వేరు. కావున ఒకే మాట గల పత్రము దొరకినను, అది ఏ ఊరి పత్రమో, ఎవ్వరితో జరిగిన వ్యవహారమో ముందుగా తేల్చుకొనవలయును.

ఏడింటికి ఆరు అను సూత్రము పెద్ద మొత్తములకు ఎంతయు సులభము. 700 హాలీ 600 కల్దార్లగును, నష్టము లేదు. కాని పేదవాని ధనము అణాలలో ఉండును. హాలీ అణా ఒకటికి కల్దారు లెక్కలో పది పైసలును, పైసలో ఏడింట రెండు వంతులును వచ్చును. ఆ భిన్నమునకు నాణెము లేదు. అణాకు పది పైసలే ముట్టినచో ముప్పదియారవ వంతు పోవును. నాలుగణాల హాలీకి మూడణాల కల్దారు ఇచ్చి సరిపెట్టినచో ఎనిమిదవ వంతు పోవును. అప్పుపత్రమున ఇంకొక చిక్కు కలదు. “నూరు రూపాయలు” అని మాత్రమే వ్రాసిన హాలీ ఋణమును నూరు కల్దార్లుగా వసూలు చేసినచో ఋణగ్రస్తుడు అసలులో ఆరవ వంతు అదనముగా చెల్లించినట్లగును. అక్షరజ్ఞానము లేనివానికి ఆ ఒక్క విశేషణము లేకుండుట ఎంత భారమో ఊహింపవచ్చును.

1947లో యథాతథ ఒడంబడిక కుదిరిన కొలది కాలమునకే నిజాం ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా భారత ద్రవ్యము తన రాజ్యమున చెల్లదని ప్రకటించెను. భారత ప్రభుత్వము ఇది ఒడంబడికకు విరుద్ధమని ఆక్షేపించెను. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో ఆ వివాదము ముగిసినది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము ద్రవ్యమును, నాణెములను, విదేశ మారకమును కేంద్ర జాబితాలోని 36వ పద్దులో ఒక్కచో చేర్చినది. అటుపిమ్మట హాలీ క్రమముగా ఉపసంహరింపబడినది. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చి, పదునారణాల రూపాయి నూరు నయాపైసలైనది. హాలీ, కల్దారు, నయాపైస – ఒకే తరము ఒక దశాబ్దిలోపల మూడు లెక్కలు నేర్వవలసి వచ్చినది.

రాజ్యధనము విదేశ ద్రవ్యమైన కథ మరియొకటి కలదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు ప్రభుత్వ ఖాతానుండి 10,07,940 పౌండ్లు లండనులో పాకిస్తాను హైకమిషనరు పేర బదిలీ అయినవి. వాని వివాదము 2019 అక్టోబరులో లండను హైకోర్టు తీర్పువరకు సాగినది. నాటికి ఆ మొత్తము సుమారు మూడున్నర కోట్ల పౌండ్లైనది. ఆ పౌండ్లకు డెబ్బదియేండ్ల వ్యాజ్యచరిత్ర కలదు. జనగామ రైతుకూలీ అణాలో పోయిన భిన్నమునకు అట్టి చరిత్ర లేదు. దానిని వ్రాయవలసినవారము మనమే.

కావున విద్యార్థులు మూడు నియమములు పాటించుట మేలు. పత్రములోని మొత్తమును దాని మూలద్రవ్యముతోనే ఉదాహరింపవలయును. మార్చినచో మార్చితిమని చెప్పి, రెండు అంకెలను చూపవలయును. జనగామ కూలిని కృష్ణాజిల్లా కూలితో పోల్చునపుడు రెంటిని ఒకే రూపాయిలోనికి తేవలయును. లేనిచో హాలీ మొత్తము ఉన్నదానికంటె ఆరవ వంతు హెచ్చుగా కనబడును. అపుడు దొరల వసూళ్లు పెరిగినట్లును, కూలి బాగుగా ముట్టినట్లును మనకు తోచును. మొదటిది అన్యాయమును పెంచి చూపుట, రెండవది దానిని తగ్గించి చూపుట. రెండును చరిత్ర కావు.