మూడు తీర్పులు – ఇద్దరు పిల్లలు

జిడ్డు కృష్ణమూర్తి పేరు చెప్పగానే మదనపల్లె ప్రాంతం వారికి రిషివ్యాలీ బడి గుర్తుకొస్తుంది. చదువరులకు 1929లో తన చుట్టూ అల్లిన సంస్థను తానే రద్దుచేసిన తత్వవేత్త గుర్తుకొస్తాడు. అయితే ఆ పేరు తత్వగ్రంథాల మీదికి ఎక్కడానికి ఎన్నో ఏళ్ళ ముందే కోర్టు కాగితాల మీదికి ఎక్కింది. ఆ వ్యాజ్యాన్ని ఒక ప్రసిద్ధుని బాల్యంలో వచ్చిన చిక్కుగా చెప్పుకొని దాటిపోవడం మనకు అలవాటు. నిజానికి అది బిడ్డ ఎవరి సొత్తు అన్న ప్రశ్న మీద నడిచిన వ్యాజ్యం.

నారాయణయ్య రెవిన్యూ శాఖలో పనిచేసి 1907 చివర రిటైరైన ఉద్యోగి. భార్య సంజీవమ్మ 1905లోనే చనిపోయింది. పింఛను మీద బతికే ఆ మనిషి 1909 జనవరిలో కొడుకులను వెంటబెట్టుకొని మదరాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరాడు. ఆ ఏడే లెడ్‌బీటరు అనే సమాజ ప్రముఖుడు పద్నాలుగేళ్ళ కృష్ణమూర్తిలో రాబోయే జగద్గురువును 'చూశాడు'. 1910 మార్చి 6న కృష్ణమూర్తి, అతని తమ్ముడు నిత్యానందల సంరక్షణను అనీబిసెంటుకు ఒప్పగిస్తూ తండ్రి సంతకం చేశాడు. 1912 ఫిబ్రవరిలో ఆమె పిల్లలను ఇంగ్లండు తీసుకుపోయింది. లెడ్‌బీటరు నీడ పిల్లల మీద పడరాదన్నది తండ్రి పట్టు. ఆ పట్టు చెల్లకపోయేసరికి 1912 అక్టోబరులో ఆయన చెంగల్పట్టు జిల్లా కోర్టులో దావా వేశాడు. అది మదరాసు హైకోర్టుకు బదిలీ అయింది. తండ్రి తరఫున సి.పి. రామస్వామి అయ్యరు వాదించగా, బిసెంటు తన వాదన తానే వినిపించింది.

1913 ఏప్రిల్ 15న జస్టిస్ బేక్‌వెల్ తీర్పు చెప్పాడు. లెడ్‌బీటరు మీద చేసిన ఆరోపణ రుజువు కాలేదన్నాడు. కాని అతని అభిప్రాయాలు పిల్లలకు గురువుగా ఉండదగినవి కావన్నాడు. పిల్లలను కోర్టు సంరక్షితులుగా ప్రకటించి, మే 26లోగా తండ్రికి అప్పగించాలని ఆదేశించాడు. అప్పీలులోనూ హైకోర్టు అదే నిలబెట్టింది. 1914 మేలో లండనులోని ప్రివీ కౌన్సిల్ దాన్ని కొట్టివేసింది. తండ్రి తానిచ్చిన అధికారాన్ని రద్దు చేసుకోవచ్చునని ఒప్పుకుంటూనే, చదువుకోసం ఇంగ్లండులో ఉన్న పిల్లలు చెంగల్పట్టు జిల్లాలో 'సాధారణంగా నివసించేవారు' కారు గనుక ఆ కోర్టుకు అధికారం లేదన్నది. పిల్లల మాట వినకుండా, వారి ఇష్టాన్ని లెక్కచేయకుండా వారిని వెనక్కి రప్పించే ఆజ్ఞ తగదన్నది. కావాలంటే తండ్రి ఇంగ్లండు హైకోర్టుకు వెళ్ళవచ్చునన్నది.

ఇక్కడ మనం రెండు సంగతులు గమనించాలి.

మొదటిది, మదరాసులో రెండు విడతలు నడిచిన వాదమంతా తండ్రి హక్కుకూ, తండ్రి సంతకం చేసిన కాగితానికీ మధ్య జరిగింది. లెడ్‌బీటరు పేరు తెచ్చింది పిల్లల మేలుకోసమే అయినా, పిల్లలు ఆ వాదంలో పక్షం కారు. బుద్ధి తెలిసిన మైనరు ఇష్టాన్ని కోర్టు గమనించవచ్చునని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమే చెప్పింది. చట్టంలో ఉన్న మాట కోర్టు హాలులోకి రావడానికి ప్రివీ కౌన్సిల్ దాకా పోవలసివచ్చింది. ఇది ఆశ్చర్యం కాదు. కృష్ణమూర్తి అడయారులో కంటబడిన 1909లోనే గురజాడ 'కన్యాశుల్కం' రెండవ కూర్పు వెలువడింది. అందులో అగ్నిహోత్రావధాన్లు కూతురికి వెల కడతాడు. తల్లి వెంకమ్మ నూతిలో పడినా ఆయన పట్టు సడలదు. బిడ్డ తండ్రి ఆస్తి, తల్లి నోరులేని సాక్షి అన్నది ఆనాటి కుటుంబ నీతి. కోర్టులు ఆ నీతికి ఇంగ్లీషు భాష తొడిగాయి.

రెండవది, 'పిల్లల క్షేమం' అనే మాట వర్గాతీతమైనది కాదు. ఒకవైపు ఆక్స్‌ఫర్డు చదువు ఆశ, దొరల ఇళ్ళు, జగద్గురు పీఠం. మరొకవైపు పింఛను గుమాస్తా ఇల్లు. ఈ త్రాసులో తండ్రి ఇల్లు ఎప్పుడు తూగుతుంది? తిరిగి రావడం తమకు ఇష్టం లేదని పిల్లల పేర ప్రివీ కౌన్సిల్‌కు విన్నవించారు. అది అబద్ధమని నేననను. కాని ఎవరి కప్పు కింద, ఎవరి అన్నం తింటూ చెప్పిన ఇష్టమో కూడా చూడాలి గదా! ఇంగ్లండు హైకోర్టు తలుపు తెరిచే ఉందని ఒక పింఛనుదారుకు చెప్పడం తలుపు మూయడం కంటే ఎంత భిన్నం?

ఈ పేచీ అంతా పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న దాని గురించే. ఎవరి దగ్గర లేరో వారిని పిల్లలు ఎలా కలవాలన్నది పేచీలో అంశమే కాలేదు. 1912 ఫిబ్రవరిలో దేశం వదిలిన అన్నదమ్ములు 1921 డిసెంబరులో గాని మళ్ళీ ఇక్కడ అడుగుపెట్టలేదు. నిత్యానంద 1925లో క్షయతో పోయాడు. అంతకు ముందు ఏడే తండ్రి కన్నుమూశాడు.

ఆ తర్వాత చట్టం కొంత నడిచింది. 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం పిల్లల క్షేమమే ప్రధానమన్నది. అయినా తల్లిని తండ్రి 'తర్వాత' నిలబెట్టింది. ఆ 'తర్వాత' అంటే తండ్రి చనిపోయిన తర్వాతనే కానక్కరలేదని సుప్రీంకోర్టు చెప్పడానికి 1999 రావలసివచ్చింది. 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం బిడ్డ సంరక్షణ పక్కనే బిడ్డను కలిసే అవకాశాన్నీ పేర్కొంది. తల్లిదండ్రులిద్దరి ప్రేమా బిడ్డ హక్కేనని, దూరదేశంలో ఉన్నవారికి వీడియో కాల్ ద్వారానైనా ఆ సంబంధం నిలపాలని 2020లో సుప్రీంకోర్టు అన్నది.

ఐనా 1890 చట్టం ఇంకా అమలులోనే ఉంది. బిడ్డ 'సాధారణ నివాసం' ఎక్కడన్న ప్రశ్న తిరుపతిలో పిటిషను వేసే తల్లికైనా, చిత్తూరులో వేసే తండ్రికైనా నేడు కూడా ఎదురుకావచ్చు. ఒకరు బెంగుళూరులో, ఒకరు అమెరికాలో బతుకుతున్న కాలంలో ఆ మాట బరువు తగ్గలేదు, పెరిగింది. ఆదివారం రెండు గంటలు బిడ్డను చూసే ఉత్తర్వును ఒకరు గెలుపుగా, మరొకరు ఓటమిగా లెక్కవేసుకుంటున్నంత కాలం మనం నారాయణయ్య, బిసెంట్ల వ్యాజ్యంలోనే ఉన్నట్టు. ఆ రెండు గంటలు బిడ్డవి. ఈ సంగతి కోర్టుకంటే ముందు మన ఇళ్ళు ఒప్పుకోవాలి.