మొదటి రాజ్యాంగ సవరణము – మన తీరవాసులు



రిజర్వేషనులు రాజ్యాంగముతోడనే పుట్టినవని మనలో ననేకులు తలంతురు. ఉద్యోగములమాట యట్లే. 16వ అధికరణమున వానికి మొదటినుండియు జోటుండెను. చదువునకు మాత్రము లేకుండెను.

నెల్లూరు మండలము నాడు మద్రాసు రాష్ట్రములోనిది. 1927 నాటి కమ్యూనల్ జీ.ఓ. ఉద్యోగములలో బ్రాహ్మణేతర హిందువుల నందఱ నొక్క పంక్తిని గూర్చుండబెట్టెను. మైపాడు, ఇస్కపల్లి తీరముల వల లాగువాని బిడ్డయు, మాగాణి గల భూస్వామి బిడ్డయు నొకే పంక్తి! వడ్డన యెవరికి ముందు జరిగెనో చెప్పనేల? 1947లో నా యేర్పాటును మార్చి, కళాశాలలలోను ప్రతి పదునాలుగు చోట్లకు బ్రాహ్మణేతరులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియనులకును క్రైస్తవులకును గలిపి 1, ముస్లిములకు 1 అని నిర్ణయించిరి. ఆ రెండును మనవంటివారికి వేఱుగా వేసిన మొదటి విస్తళ్లు.

అవియు నిలువలేదు. వైద్యవిద్య గోరిన చంపకం దొరైరాజన్, గిండీ ఇంజనీరింగు కళాశాలను గోరిన శ్రీనివాసన్ 1950లో హైకోర్టు కెక్కిరి. జీ.ఓ. చెల్లదని తీర్పు వచ్చెను. 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తులును దానినే స్థిరపఱచిరి. (చంపకమ్మగారు దరఖాస్తే పెట్టలేదని యా తీర్పులోనే కలదు.) న్యాయమూర్తులను దూషింప బనిలేదు. కులము కారణముగా బ్రవేశము నిరాకరింపరాదని 29వ అధికరణమున నున్నది. వా రున్నదానిని జదివిరి.

దక్షిణమున నాందోళనము చెలరేగెను. మే నెలలో నెహ్రూ సవరణ బిల్లును దెచ్చెను, అంబేద్కరు దానిని సమర్థించెను. వయోజన వోటుతో నెన్నికకాని తాత్కాలిక పార్లమెంటు, పదునేడు నెలలైన నిండని రాజ్యాంగమును దిద్దవచ్చునా యని శ్యామప్రసాద ముఖర్జీ ప్రభృతు లడిగిరి. ఆ ప్రశ్న తేలికయైనది కాదు. ఆ బిల్లే వాక్స్వాతంత్ర్యమునకు గ్రొత్త కట్టడులు తెచ్చెను గావున వారి భయము నిష్కారణమని నేననజాలను. జమీందారీరద్దు చట్టములకు రక్షయు నందే చేరెను. నాడు మన జిల్లాలో నుండిన వేంకటగిరి రైతు లెఱుగని విషయము కాదు. జూన్ 18న నది చట్టమై, 15వ అధికరణమున నాలుగవ ఖండము చేరెను.

వ్యాకరణమున ఉత్సర్గమును బాధించునది అపవాదము. ఈ ఖండము సమానత్వమునకు అపవాదమా, దాని వివరణమా యని కోర్టులు పలుమార్లు తర్కించినవి. ఆంధ్రప్రదేశపు జాబితాను 1968లో సుప్రీంకోర్టు త్రోసిపుచ్చినది. అనంతరామన్ కమీషన్ నివేదికపై వచ్చిన జాబితాను 1972లో నిలిపినది. మత్స్యకారకులము లందు "ఏ" వర్గమున నున్నవి. మా తండ్రి వలమోసినవాడు. నాకు శిక్షణ కళాశాలలో జోటు దొరకినది ఆ జాబితావలననే.