రాయి విడిచిన రాజు

ఆల్చిప్పల్లో రాచవంశం ట్రైడాక్నా. వాటిలో అన్నిటికన్నా పెద్దదైన గిగాస్ 4 అడుగుల దాకా పెరుగుతుంది, 200 కిలోలు దాటి తూగుతుంది. రెండు చిప్పల జీవుల్లో ఇంతటిది నేడు భూమ్మీద మరొకటి లేదు. పారిస్‌లోని సెయింట్ సుల్పీస్ చర్చిలో తీర్థపు తొట్లుగా నిలిచినవి దాని చిప్పలే. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల పగడాల దిబ్బలు ఈ వంశం ఏలిన సీమ. డాలస్‌లో మా చిన్నాన్న కొడుకు ఇంట్లో, ఉప్పునీటి అద్దాల తొట్టిలో ప్రాణం విడిచింది ఆ వంశంలో ఒక చిన్న కొమ్మ. జానెడైనా లేని మాక్సిమా.

ముందు దాని వైభవం చెప్పుకోవాలి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వారం పది రోజులే నీళ్లలో తిరుగుతుంది. ఆ తర్వాత ఒక రాయి చూసుకుని, కాలి దగ్గరి గ్రంథి నుంచి సన్నటి దారాలు తీసి దాన్ని పట్టుకుంటుంది. ఇక అదే ఊరు, అదే కోట. తిండి కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. చిప్పల మధ్య నుంచి వెలుతురులోకి పరిచే మాంటిల్ అనే కండపొరలో లెక్కలేనన్ని శైవలాలు కాపురముంటాయి. అవి ఎండలో వండుకున్న చక్కెరలో ఎక్కువ పాలు చోటిచ్చిన వారికే. ఆ నీలం, పచ్చ, బంగారు మెరుపులు అలంకారానికి కావు. మాంటిల్ కణాలు వెలుతురును చెదరగొట్టి శైవలాలకు పంచుతున్నప్పుడు పుట్టేవి. అంచు వెంబడి వందల చిన్న కళ్లు. పైన చేప నీడ పడితే చాలు, చటుక్కున ముడుచుకుంటుంది. పారిపోలేని జీవికి ఆ మాత్రం కాపలా ఉండాలి మరి.

ఏ మెరుపు దాన్ని పోషించిందో ఆ మెరుపే దానికి ధర కట్టించింది.

మావాడు అశ్రద్ధ మనిషి కాదు. తొట్టి పాతబడి నీళ్లు కుదురుకునే దాకా ఆగాడు. ఉప్పు లీటరుకు 35 గ్రాములు, వేడి 25 డిగ్రీలు, కాల్షియం 420 మిల్లీగ్రాముల దగ్గర నిలిపాడు. చిప్ప పెరగాలంటే కాల్షియంతో పాటు క్షారత్వమూ తగ్గకూడదని రోజూ పరీక్ష చేసేవాడు. మాంటిల్ కొరుకుతుందని తనకిష్టమైన ఏంజెల్ చేపను ముందే ఎవరికో ఇచ్చేశాడు. సంచిలోని నీళ్లకు తొట్టి నీళ్లు చుక్క చుక్కగా కలిపి అలవాటు చేశాడు. రాత్రిపూట పాకి వచ్చి రసం పీల్చే బియ్యపు గింజంత నత్తలుంటాయని తెలిసి, దీపాలార్పి టార్చి వేసి మరీ వెతికాడు.

కాని కీడు అప్పటికే జరిగిపోయింది. రాయితో సహా ఇస్తే సంచిలో పట్టదని దుకాణంలో దాన్ని పట్టి లాగారు. పల్చటి బ్లేడును రాతికి ఆనించి ఆ దారాలు కోస్తే కొత్తవి పుట్టుకొస్తాయి. లాగితే దారాలతో పాటు వాటిని కనే గ్రంథే ఊడివస్తుంది. చిప్ప అడుగున తెల్లటి పీలిక ఒకటి వేలాడుతుంటే, దారాల కుచ్చేమో అనుకున్నాడు వాడు. అది కండ.

మొదట్లో చేతి నీడకు చక్కగా ముడుచుకునేది. కాని ఏ రాతి మీద పెట్టినా పట్టు దొరక్క ఒరిగిపోయేది. వాడు మళ్లీ నిలబెట్టేవాడు, తెల్లారేసరికి మళ్లీ ఇసుకలో పడి ఉండేది. చిప్ప అంచున కొత్త పెరుగుదలకు గుర్తుగా రావలసిన తెల్లటి గీత రాలేదు. ఒకరోజు ఉత్సాహంగా వీడియో పంపాడు.

"అన్నయ్యా, చూడు! ఇవాళ పూర్తిగా విచ్చుకుంది."

చూశాను. నీళ్లు పీల్చే రంధ్రం సాగిపోయి లోపలి మొప్పలు బయటికి కనిపిస్తున్నాయి. మాంటిల్ అంచులు చిప్పలోకి జారిపోయాయి. ఈ జాతికి తెరుచుకోవడానికి బలం అక్కర్లేదు. కీలు దగ్గరి బంధమే స్ప్రింగులా చిప్పల్ని తెరిచి ఉంచుతుంది. బలం కావలసింది మూసుకోవడానికి.

"చెయ్యి అడ్డం పెట్టి చూడరా" అన్నాను.

నీడ పడింది. అది కదల్లేదు.

మర్నాటికి తొట్టి కంపు కొట్టింది. కుళ్లే కండ అమ్మోనియా పెంచి తక్కిన ప్రాణుల్నీ బలి తీసుకుంటుంది కాబట్టి, బాధపడే తీరిక కూడా లేకుండా దాన్ని తీసేసి నీళ్లు మార్చాడు.

ఒక్క ప్రాణి కథే ఇలా ఉంటే, వంశం కథ ఇంకా దారుణం. 1960ల నుంచి తైవాన్ పడవలు పసిఫిక్ దిబ్బల మీద పడి, చిప్పలు మూసే ఆ కండరాన్ని మాత్రం కోసుకుని మిగతాదాన్ని అక్కడే వదిలేసి పోయాయి. 1985 నాటికి వంశమంతా అంతర్జాతీయ వర్తక నియంత్రణ కిందికి వచ్చింది. అయినా 2010ల్లో హైనాన్ దీవిలోని టాన్‌మెన్ రేవులో ఈ చిప్పలు దంతంలా చెక్కడాలకు అమ్ముడయ్యాయి. వాటిని పెకలించడానికి దక్షిణ చైనా సముద్రంలో పడవల ప్రొపెల్లర్లతో దిబ్బలనే చిత్రిక పట్టారు. ఆ సముద్రం తగవుపై 2016 జులైలో హేగ్ మధ్యవర్తులు ఇచ్చిన తీర్పు ఆ విధ్వంసాన్ని ఎత్తిచూపింది. 2017 నుంచి హైనాన్ ఆ వ్యాపారాన్ని నిషేధించింది. 2024లో గిగాస్ అంతరించడానికి అతి చేరువలో ఉన్న జీవుల జాబితాకెక్కింది.

గిగాస్ ఒక్క విడతలో 50 కోట్ల దాకా గుడ్లు వదలగలదు. ఐనా అంత సంతానశక్తి దాన్ని కాపాడలేకపోయింది. గుడ్లూ వీర్యమూ నీళ్లలోనే కలవాలి. పక్కన తనవాళ్లు లేకపోతే అన్ని కోట్లూ నీటిపాలే. ఫిలిప్పీన్స్‌లో గిగాస్ దాదాపు కనుమరుగైతే, ఎడ్గార్డో గోమెజ్ బృందం సాలమన్ దీవుల నుంచి పిల్లల్ని తెప్పించి బొలినావ్ దగ్గర మళ్లీ నాటింది. 1980ల్లో పలావులో పొదిగించి పెంచే పద్ధతి కుదరడం వల్లే, సముద్రాన్ని కొల్లగొట్టకుండా ఇళ్లలోని తొట్లకు పిల్లల్ని పంపడం వీలైంది.

మన లక్షద్వీప్, అండమాన్ దిబ్బల మీది మాక్సిమాకు వన్యప్రాణి సంరక్షణ చట్టం అండ ఉంది. ఇక్కడ దాన్ని అమ్మినా కొన్నా నేరమే. డాలస్‌లో ఆ అడ్డు లేదు. మావాడు మళ్లీ ఒకటి తెస్తానంటున్నాడు. నేను వద్దనలేదు. నీళ్లు, ఖనిజాలు, వెలుతురు వాడు ఇవ్వగలడు. దాని స్థానబలం మాత్రం వాడి చేతిలో లేదు, అది వెంట రావలసిందే. అందుకే పొదిగించి పెంచిన పిల్లనే, అది పట్టుకున్న రాతి బిళ్లతో సహా కొనమన్నాను. వేరుచేసి ఇస్తామంటే, ఎంత చవగ్గా ఇచ్చినా ఆ బేరం వదిలేసి రమ్మన్నాను.