మరిగేది నీరా, ఇంధనమా?



ఎండాకాలంలో ఘాట్‌రోడ్డు మీద బస్సు ఆగిపోతే, డ్రైవరు రేడియేటరులో నీళ్లు పోయించడం మా తరంవారందరం చూసినదే. అందువల్ల బండి వేడెక్కి ఆగిందంటే లోపం నీటిదే అనుకోవడం అలవాటయింది. అమెరికావారి పాత ‘మజిల్ కార్ల’ చరిత్ర పరిశీలిస్తే ఈ నిర్ణయం సగమే సత్యమని తెలుస్తుంది.

పాంటియాక్ సంస్థ తన మధ్యరకం కారులో 389 ఘనపు అంగుళాల, అంటే సుమారు 6.4 లీటర్ల, ఇంజన్ అమర్చి 1964 నమూనాగా ‘జి.టి.ఓ.’ను తెచ్చింది. ఆ తరగతికి ఒరవడి అదే. దాని బలానికి ఒక మూలం సంపీడనం. గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని పదోవంతు కంటె తక్కువకు అదిమి మండిస్తుంది. అంతగా అదిమినప్పుడు మిశ్రమంలో కొంత భాగం తనంతట తానే భగ్గుమని, లోపల సుత్తిదెబ్బల వంటి చప్పుడు పుట్టే ప్రమాదముంది. దానిని అణచినది పెట్రోలులో కలిపిన సీసపు సమ్మేళనం. 1921లో థామస్ మిడ్‌గ్లీ బృందం ఆ గుణాన్ని కనుగొన్నది. వాల్వులు ఆనుకునే అంచులు అరగకుండా కాచినదీ ఆ సీసమే.

అయితే ఆ సీసం పొగగొట్టం నుండి గాలిలోకి, గాలి నుండి పసిబిడ్డల నెత్తురులోకి చేరింది. అమెరికాలో 1970 నాటి స్వచ్ఛవాయు చట్టం దరిమిలా, 1975 నమూనా కార్లలో అధికభాగం సీసంలేని పెట్రోలుకు మారాయి. 1996లో రహదారి వాహనాలకు సీసపు పెట్రోలు అక్కడ పూర్తిగా నిషిద్ధమయింది. మన దేశం 2000లో దానిని వదిలింది. 2021లో అల్జీరియా చివరగా మానుకున్నది.

ఇక రోగనిర్ణయం. మెల్లగా పోతున్నప్పుడే వేడిముల్లు పైకెక్కితే ముందు ఫ్యానును శంకించాలి. వేగంగా పోతున్నప్పుడు ఎక్కితే పూడుకుపోయిన రేడియేటరును శంకించాలి. రేడియేటరు మూతనూ చూడాలి. అది చదరపు అంగుళానికి 15 పౌన్ల ఒత్తిడి నిలిపితే, వట్టి నీరు కూడా దాదాపు 120 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు.

ముల్లు సరిగానే ఉండి, ఎండలో ఆపిన కారు పది నిమిషాల తరువాత మొరాయిస్తే, మరిగినది పెట్రోలు కావచ్చు. ఆ కార్లలో పంపు ఇంజను పక్కనే ఉండి, వెనుక ట్యాంకు నుండి ఇంధనాన్ని పీలుస్తుంది. పీల్చేచోట ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే ద్రవం త్వరగా మరుగుతుంది. గొట్టంలో ఆవిరి నిండాక పంపు దానిని నెట్టలేదు. నేటి కార్లలో పంపు ట్యాంకులోనే ఉండి ఒత్తిడితో నెడుతుంది గనుక ఈ బాధ అరుదు. పాత కారులో ఇంధనపు గొట్టాన్ని వేడికి దూరంగా మళ్లించడం, కార్బురేటరు కింద వేడిని ఆపే దిమ్మ అమర్చడం చికిత్స.

మూడవది మిశ్రమదోషం. చప్పుడు రాకుండా నిప్పురవ్వను మరీ ఆలస్యం చేస్తే, ఆ వేడి రేడియేటరు మీద పడుతుంది. కనిపించేది నీటిరోగం, మూలం ఇంధనం.

పాత కార్ల అభిమానులు పెట్రోలు చెడిపోయిందని వాపోతుంటారు. నాడు ఇంజన్ అనుభవించిన సుఖానికి వెల చెల్లించినవారు పసివాళ్లు. ఈ నాటి చిక్కులు ఆ బాకీలో కొంత అనుకుంటే బాధ తగ్గుతుంది.

ఇటువంటి కారును సరిచేసిన అనుభవం మీలో ఎవరికైనా ఉంటే తెలియజేయ ప్రార్థన.